పద్నాలుగో అధ్యాయంలోని గంట

అన్యాయం ఎవరికి జరిగింది? మా వదినకు, అంటే మా అన్నయ్య భార్యకు. ఎలా జరిగింది? నేను రాసిన ఒక నవలలో, పద్నాలుగో అధ్యాయంలో, ఆరు పేజీల నిడివిలో. ఈ రెండు ప్రశ్నలనూ చివరిదాకా దాచిపెట్టి పాఠకులను ఊరించే కథలంటే నాకు గౌరవం లేదు. అందుకే ముందే చెప్పేశాను.

ఆ నవలలో ఒక కోడలు ఉంటుంది. ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మెడలో టేపు తీయకుండానే వంట చేస్తుంది. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని, వాటి సందులోంచే మాట్లాడుతుంది. ఎవరు ఎదురుపడినా, పలకరించే ముందు ఈ భుజం నుంచి ఆ భుజం దాకా చూపుతో ఒకసారి కొలుస్తుంది. పద్నాలుగో అధ్యాయంలో, పక్కగదిలో మంచం పట్టిన అత్తగారు ఇత్తడి గంట మోగిస్తుంది. కోడలు మిషను తొక్కుతూ ఉంటుంది. ఆ చప్పుడులో గంట వినబడదు. కుట్టు ముగించి, దారం తెంపి, లేచి వెళ్ళేసరికి ముసలామె ప్రాణం పోయి ఉంటుంది.

ఆ ఆరు పేజీలు నాకు పేరు తెచ్చాయి. మిషను చప్పుడు వాక్యాలలో వినబడుతోందని విమర్శకులు రాశారు. ఒక పాఠ్యపుస్తకంలో వాటిని పాఠంగా పెట్టారు. గంట ఎన్నిసార్లు మోగింది, కోడలి స్వభావాన్ని వర్ణించుము అని పిల్లలు పరీక్షలు కూడా రాశారు.

నవలలు రాసేవారికి ఒక అలవాటు ఉంది. ఒకరి నడకను, మరొకరి మాటతీరును, ఇంకెవరో చేసిన పనిని తెచ్చి ఒకే మనిషిలో పోస్తాం. ఇలా కలిపేశాక ఎవరిని ఎవరూ గుర్తుపట్టరని ధైర్యంగా ఉంటాం. అది మావంటివారు మాత్రమే చేయగల పొరపాటు. చదివేవారు రూపాన్ని చూసి మనిషిని ఇట్టే పట్టేస్తారు. ఆ తరువాత ఆ రూపం ఏ పని చేసిందని రాస్తే ఆ పని ఆ మనిషిదే అవుతుంది. గుండుసూదులు ఎవరివో మా బంధువులందరికీ తెలుసు. టేపు ఎవరిదో మా వీధికంతటికీ తెలుసు.

గుండుసూదులు వదినవి. పని నాది.

నలభై ఏళ్ళ కిందటి మధ్యాహ్నం అది. నాకప్పుడు ముప్పై నాలుగేళ్ళు. నేను చదువుకున్న కాన్వెంట్ బడిలోనే పాఠాలు చెబుతూ, అన్నయ్య ఇంట్లోనే ఉండేదాన్ని. మా బడికి మాత్రమే ఆ రోజు సెలవు. అన్నయ్య వర్క్‌షాపుకు వెళ్ళాడు. ఆరేళ్ళ చిట్టి, అన్నయ్య కూతురు, తన బడిలో ఉంది. అమ్మ గుండెజబ్బుతో నాలుగు నెలలుగా మంచంలో ఉంది. ఆమె చేతికి అందేలా ఒక ఇత్తడి గంట పెట్టాం.

మందు అయిపోయిందని వదిన గమనించింది. బడి యూనిఫారాలు గుట్టగా పడి ఉన్నా మిషను ఆపి, గొడుగు తీసుకుని, "మందులు తెచ్చుకొస్తాను టీచరమ్మా, అమ్మని చూస్తూ ఉండు" అని చెప్పి వెళ్ళింది. ఆమె నన్ను మొదటినుంచీ టీచరమ్మా అనే పిలిచేది. అందులో సగం మర్యాద, సగం వెక్కిరింత. మొదటి షాపులో మందు లేకపోవడంతో రెండో షాపుదాకా నడిచింది. తిరిగి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. నేను ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని నా మొదటి కథ రాసుకుంటున్నాను.

వదిన వచ్చి లోపలికి వెళ్ళింది. కాసేపటికి కర్టెను పక్కకు జరిపి గుమ్మంలో నిలబడింది. గొడుగు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. నీళ్ళు కారుతున్నాయి.

"గంట మోగిందా?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

ఆమె నన్ను భుజం నుంచి భుజం దాకా ఒకసారి చూసింది. సాయంత్రం అన్నయ్య నూనె మరకల చేతులతోనే పరుగున వచ్చి, అమ్మ పోయిన సమయానికి ఇంట్లో ఎవరున్నారని అడిగాడు. నేను నోరు విప్పకముందే వదిన, ఇద్దరం ఉన్నామని చెప్పింది. నన్ను ఒక్కదాన్నే వదిలి వెళ్ళానని చెప్పి ఉంటే అన్నయ్య నన్ను ఆ జన్మలో క్షమించడని ఆమెకు తెలుసు. పక్కన ఉన్నా ఆపగలిగేవారు కాదని డాక్టరు అన్నాడు. అది నిజమో, ఓదార్పో నాకు ఇప్పటికీ తెలియదు.

తొమ్మిదేళ్ళ తరువాత, అప్పటికి వేరే ఇంటికి మారి ఉండగా, ఆ నవల రాశాను. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో కాగితాల ముందు కూర్చున్న ఆడపడుచు కంటే, మిషను తొక్కుతున్న కోడలైతే పేజీ మీద బాగుంటుందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. దానికి శిల్పమని పేరు పెట్టుకున్నాను. ఆ రోజు నన్ను కాయడానికి వదిన ఆడిన అబద్ధం ఒకటి ఉంది కదా, ఇద్దరం ఉన్నామని. ఆ అబద్ధమే నా నవలకు సాక్ష్యం పలికింది. ఇంట్లోనే ఉందని ఆమే చెప్పింది, మిషను దగ్గర ఉండి ఉంటుంది, వినబడి ఉండదు అని బంధువులు లెక్క కట్టేశారు.

వదిన ఆ పుస్తకాన్ని రెండు మధ్యాహ్నాలలో చదివి నాకు తిరిగి ఇచ్చేసింది. "కొలతలు మాత్రం సరిగ్గా తీశావు టీచరమ్మా" అన్నది. అంతే. ఆ తరువాత, నేను గుమ్మంలో అడుగుపెట్టగానే మిషను ఆగిపోవడం మొదలైంది. నేను ఉన్నంతసేపూ ఆమె చేత్తో కాజాలు కుట్టుకునేది, గుండీలు తగిలించుకునేది. నేను వీధి మలుపు తిరిగాక మళ్ళీ చప్పుడు వినబడేది.

మా బడి లెక్కల టీచరు ఒకామె జాకెట్టు కొలతలిచ్చేందుకు వదిన దగ్గరికి వెళ్ళి, పిలిస్తే పలుకుతావా, గంట తెచ్చుకోమంటావా అని అడిగిందట. ఆ మాట నాకు స్టాఫ్‌రూములో ఆమే నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఆ నవ్వును నేను మరచిపోలేదు.

ఆ తరువాతి ముప్పై ఒక్క ఏళ్ళలో పదకొండు పుస్తకాలు రాశాను. అన్నీ అన్యాయానికి గురైనవారి గురించే.

ఆరు నెలల కిందట అన్నయ్యకు పక్షవాతం వచ్చింది. ఎడమ చేయీ, కాలూ పడిపోయాయి. మాట నిదానించినా తెలివి పదును తగ్గలేదు. అలమరలోంచి ఆ పాత ఇత్తడి గంటను తీసి, తోమి, అతని మంచం పక్కన స్టూలు మీద పెట్టారు. వదినకు డెబ్భై ఆరేళ్ళు. అయినా యూనిఫారాలు మానలేదు. మిషను చప్పుడు వినబడుతుంటేనే తనకు నిద్ర పడుతుందని అన్నయ్య నాతో ఎన్నోసార్లు అన్నాడు. నేను వెళ్ళినప్పుడల్లా లోపలినుంచి, "మిషను ఆగింది, చెల్లెలు వచ్చినట్టుంది" అనేవాడు. అది అతనికి హాస్యం.

ఒక ఆదివారం చిట్టి నా ఇంటికి వచ్చింది. నలభై ఆరేళ్ళ మనిషి, ఆసుపత్రిలో రక్తపరీక్షల విభాగానికి పెద్ద, అయినా మాకింకా చిట్టే. నాన్నను తన ఇంటికి తీసుకుపోతున్నానని చెప్పింది. ఒకటో తారీఖున అంబులెన్సు వస్తుందట. చూసుకోవడానికి మనిషిని పెట్టిందట, గది సర్దిందట. అమ్మను కూడా రమ్మన్నాను గాని, మిషను అక్కడ కుదరదని చెప్పానంది. వదిన ఔననలేదు, కాదనలేదు. వంచిన తల ఎత్తకుండా కుట్టుకుంటూ పోయిందట. యాభై ఏళ్ళుగా ఒక కప్పు కింద ఉన్న ఇద్దరిని వేరుచేయడానికి ఇంకా పదహారు రోజులు ఉన్నాయి.

"అత్తయ్యా, నువ్వే అమ్మకి నచ్చజెప్పాలి" అన్నది చిట్టి.

ఎందుకు తీసుకుపోవడమని అడిగాను.

"ఎందుకేమిటి? మిషను దగ్గర కూర్చుంటే అమ్మకి ఏదీ వినబడదు. నానమ్మకి ఏమైందో నువ్వే రాశావుగా."

"అది నవల."

"నవలే. పేర్లు మార్చావు. గుండుసూదులు మార్చలేదుగా?" చిట్టి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "పదిహేనేళ్ళప్పుడు చదివాను. అమ్మని అడిగితే నవలల్లో అలాగే రాస్తారులే అంది. కాదని మాత్రం అనలేదు. అందుకే నా పిల్లల్ని ఒక్క పూట కూడా అమ్మ దగ్గర ఒంటరిగా వదల్లేదు. నువ్వెప్పుడూ గమనించలేదా?"

నేను గమనించలేదు. మనుషులను గమనించడం నా వృత్తి అని సభల్లో చెప్పుకునేదాన్ని.

చిట్టి వెళ్ళాక బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ నవలకు కొత్త ముద్రణ వేస్తున్నామని, ఏమైనా సవరణలుంటే పంపమని ప్రచురణకర్త రాసిన ఉత్తరం బల్లమీదే ఉంది. సవరించడానికి దారి దొరికిందని సంతోషించి, ఒక పేజీ ముందుమాట రాశాను. ఇందులోని పాత్రలన్నీ కల్పితమనీ, ముఖ్యంగా పద్నాలుగో అధ్యాయానికీ మా కుటుంబంలోని ఎవరికీ సంబంధం లేదనీ అందంగా, గంభీరంగా రాశాను. మరునాడే వదినకు చూపించాను.

మిషను ఆగింది. ఆమె కళ్ళజోడు సర్దుకుని చదివింది.

"ముందుమాటలు ఎవరు చదువుతారు టీచరమ్మా? నేనైతే తిప్పేస్తాను. చొక్కా చంకలో చిరిగితే నువ్వు కాలరుకి గుండీ కుట్టి తెచ్చావు" అన్నది.

కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. చిరిగిన చోటే కుట్టాలి. ఇంటికి వచ్చి పద్నాలుగో అధ్యాయం మళ్ళీ రాయడానికి కూర్చున్నాను. మిషనును కొట్టేశాను. నవల మొత్తంలో ఎక్కడా లేని లయ ఆ చప్పుడులో ఉంది. దానిని కొట్టివేస్తుంటే చేయి ఆడలేదని ఒప్పుకుంటున్నాను. కోడలిని మందుల షాపుకు పంపాను. ముందుగదిలో ఒక ఆడపడుచును కూర్చోబెట్టి, చేతికి కలం ఇచ్చాను. రాతలో మునిగిపోయిన ఆమెకు గంట వినబడలేదని రాశాను. ఏడు రోజులు పట్టింది.

వదిన ఈసారి నిదానంగా చదివింది. బట్ట మీద గీతలు గీసే సుద్దముక్క చేతిలోనే ఉంది. చివరి పేజీలో ఒక వాక్యం కింద దానితో గీత గీసింది.

"మిషను ఆపేశావు. మంచిది" అన్నది. "మరి అప్పుడు ఇల్లంతా నిశ్శబ్దం కదా. నీ బల్లకీ అమ్మ మంచానికీ మధ్య తలుపు కూడా లేదు, కర్టెను. గంటేమో ఇత్తడిది. ఎలా వినబడలేదు?"

కర్టెను అవతలినుంచి అన్నయ్య, మిషను ఇంకా ఎంతసేపు ఆపుతారని అడిగాడు.

"నలభై ఏళ్ళ కిందట ఒకసారి అడిగాను. మళ్ళీ అడగను" అన్నది వదిన. పెదవుల మధ్య గుండుసూదులు లేవు. ఆ ఒక్క మాట ఆమె వాటిని తీసి చెప్పింది.

మా బడిలో చేతిరాత నేర్పే సిస్టరు ఒకామె ఉండేది. సన్నగా, కర్రలా నిటారుగా ఉండేది. పిల్లలెవరైనా తప్పు చేస్తే కొట్టేది కాదు. నిలబడు అనేది. ఎవరి దగ్గర దాచావో వాళ్ళ ముందే నిలబడి చెప్పాలి. మొదటి మాట నేను అని ఉండాలి. ఎందువల్ల, ఏమిటంటే అని కారణాలు కలపకూడదు. నేనూ టీచరునయ్యాక ఆ పద్ధతినే పాటించాను. ముప్పై ఏళ్ళలో కొన్ని వందలమంది ఆడపిల్లలను అలా నిలబెట్టాను. కారణం చెప్పబోయినవారిని మళ్ళీ మొదటినుంచి చెప్పించాను.

మరునాడు తెల్లవారాక బల్ల దగ్గర కూర్చుని, పాత కాగితాలు పక్కన పెట్టి, పద్నాలుగో అధ్యాయం మొదటి మాట నేను అని రాశాను. తరువాతి పేజీలు ఒక్క పూటలో వచ్చాయి. ఏ అలంకారమూ అడగలేదు.

ప్రచురణకర్త వెంటనే ఫోను చేశాడు. నా మొదటి ప్రచురణకర్త కొడుకే అతను, మర్యాదస్తుడు. నవలంతా ఆమె, అతడు అని నడుస్తుంటే ఒక్క అధ్యాయంలో మాత్రం నేను అని ఉంటే పాఠకులు పొరపాటు అనుకుంటారని భయపడ్డాడు. పొరపాటేనని, అది ఎవరిదో తెలియాలనే అలా రాశానని చెప్పాను. పాఠ్యపుస్తకంలో ఉన్న పాఠం సంగతేమిటన్నాడు. అది తీసివేయమని ఆ కమిటీవారికి నేను అప్పటికే ఉత్తరం రాశాను. "మేడమ్, అందరూ ఇష్టపడ్డది ఆ మిషను చప్పుడునే" అన్నాడు చివరికి, పాపం, ప్రాధేయపడుతున్నట్టుగా. ఆ చప్పుడు నాది కాదని, తిరిగి ఇచ్చేస్తున్నానని చెప్పి ఫోను పెట్టేశాను.

ఒకటో తారీఖుకు ముందు ఆదివారం. చిట్టిని రమ్మన్నాను. కొత్త అధ్యాయం కాగితాలు పట్టుకుని అన్నయ్య మంచం దగ్గర నిలబడ్డాను. కుర్చీ ఉంది గాని కూర్చోలేదు. చిట్టి కాళ్ళవైపు నిలబడింది. కర్టెను తీసే ఉంది. అవతల వదిన ఆపేసిన మిషను ముందు కూర్చుని ఉంది. చదివాను.

నేను విన్నాను అని ఉంది అందులో. గంట మోగింది, నేను విన్నాను. అప్పుడు ఒక వాక్యం సగంలో ఉంది. అది పూర్తవగానే లేద్దామనుకున్నాను. గంట మళ్ళీ మోగింది, మొదటిసారి కంటే మెల్లగా. వాక్యం పూర్తయింది. చూసుకుంటే బాగుందనిపించింది. ఒక మాట మార్చాను, ఇంకా బాగుంది. గంట ఆగిపోయింది కనుక అమ్మ నిద్రపోయి ఉంటుందనుకుని తరువాతి వాక్యం మొదలుపెట్టాను. వదిన వచ్చి అడిగితే లేదన్నాను.

కాగితాలు దించాను. చిట్టి, అమ్మ ఆ సమయానికి ఎక్కడుందని అడిగింది. మందుల షాపులో అని చెప్పాను. మొదటి షాపులో దొరక్క రెండో షాపుకు వెళ్ళిందని కూడా చెప్పాను. చిట్టి గబగబా అవతలి గదిలోకి వెళ్ళింది. వదిన కుర్చీ పక్కన నేలమీద కూర్చుని, ఆమె ఒడిలో ఉన్న సగం కుట్టిన చొక్కా మీద తల పెట్టుకుంది. సూదులుంటాయే, చూసుకో అని వదిన అనడం వినబడింది.

అన్నయ్య కుడిచేత్తో దుప్పటి అంచు పట్టుకుని పైకప్పు చూస్తున్నాడు. నోరు విప్పాడు గాని నాతో కాదు.

"ఇద్దరం ఉన్నామన్నావే" అన్నాడు వదినతో.

"ఉన్నాంగా. ఒకరం కాస్త దూరంగా" అన్నది వదిన.

అతను ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

ఒకటో తారీఖున అంబులెన్సు రాలేదు. చిట్టి తన చిన్నకూతురిని పరీక్షల సెలవులకు అమ్మమ్మ దగ్గరకు పంపింది, ఒంటరిగా, పది రోజులకు. ఆ పిల్ల కాజాలు కుట్టడం నేర్చుకుని, వంకరగా కుట్టిన ఒక చేతిరుమాలు నాకు కూడా పంపింది. నేను మామూలుగానే వెళ్ళివస్తున్నాను. అన్నయ్య నాతో మాట్లాడడం లేదు. అది నాకు రావలసినదే, కనుక ఏమీ అనలేదు. మిషను కూడా నేను వెళ్ళినప్పుడు ఆగుతూనే ఉంది.

కొత్త ముద్రణ ప్రూఫులు వచ్చాయి. ఒక మధ్యాహ్నం అవి తీసుకుని అన్నయ్య ఇంటికి వెళ్ళాను. ముందుగదిలో పాత బల్ల ఇంకా అక్కడే ఉంది. కలం తీసి సవరణలు చేస్తూ ఉంటే వదిన టేపు మెడలోంచి తీసి మిషను మీద పెట్టి, గొడుగు అందుకుంది.

"మందులు తెచ్చుకొస్తాను టీచరమ్మా. మీ అన్నయ్యని చూస్తూ ఉండు" అన్నది.

నేను తలెత్తి చూశాను. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది. నలభై ఏళ్ళలో ఆ ఇంట్లో ఎవరినీ నా మీద వదిలి ఆమె బయటికి వెళ్ళలేదు.

అప్పుడు నేను సరిచూస్తున్నది పద్నాలుగో అధ్యాయమే. చివరి పేజీలో ఒక వాక్యం తడబడుతోంది. రెండు మాటలు కొట్టివేసి, వాటి చోట మరొకటి రాయబోతున్నాను. సగం రాశాను. కర్టెను అవతల గంట మోగింది.

కలం వదిలేశాను. అది దొర్లి నేలమీద పడడం విన్నాను గాని వంగలేదు.

అన్నయ్య గంటను కుడిచేత్తో ఇంకా పట్టుకునే ఉన్నాడు. నన్ను తేరిపార చూశాడు. అయిదు వారాల తరువాత నాతో మాట్లాడాడు.

"వాక్యం అయిందా?"

"లేదన్నయ్యా."

"మంచినీళ్ళు" అన్నాడు.

తల కింద చేయి వేసి లేపి, తాగించాను. మూతి తుడిచాను. దిండు సర్ది, మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను. అతను కళ్ళు మూసుకున్నాడు. నేను ప్రూఫుల దగ్గరకు వెళ్ళలేదు.

వదిన వచ్చేసరికి అరగంట దాటింది. గుమ్మంలో నిలబడింది. గొడుగు తడిగా లేదు, ఎండకు వేసుకుంది. ముందు అన్నయ్యను చూసింది, తరువాత నన్ను, భుజం నుంచి భుజం దాకా.

"గంట మోగిందా?"

"మోగింది వదినా. ఒక్కసారి. వెళ్ళాను."

ఆమె తల ఊపింది. మందుల పొట్లం స్టూలు మీద, గంట పక్కన పెట్టింది. అవతలి గదిలోకి వెళ్ళి టేపు మెడలో వేసుకుంది, నాలుగు గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకుంది, కుర్చీ ముందుకు జరుపుకుంది. దారం ఎక్కించింది. తరువాత, నేను ఆ ఇంట్లో ఉండగానే, మిషను తొక్కడం మొదలుపెట్టింది.